ముందు చేతిలో పెట్టండి, తర్వాత లెక్క అడగండి

కూరగాయల రైతులకు ఇచ్చే రాయితీల నిబంధనలు రాసే అధికారులకు, వాటికి ఆమోదం తెలిపే మంత్రులకు నమస్కారం.

మాది కృష్ణా నది లంక గ్రామం. సొంతం అరెకరం, కౌలుకు ఎకరం. సొంత అరెకరంలో దొండ పందిరి ఉంది. కౌలు చేలో కాలాన్ని బట్టి వంగ, బెండ, గోరుచిక్కుడు, ఆకుకూరలు వేస్తాం. పదిహేడేళ్లుగా నాకు, మా ఆయనకు ఇదే పని. కోత రోజుల్లో మా తోడికోడలు కూడా సాయం వస్తుంది. మా సరుకు లారీలెక్కి ఎక్కడికో పోయేది కాదు. తెల్లవారకముందే కోసిన తోటకూర ఏడు గంటలకల్లా రైతు బజారులో ఎవరి సంచిలోనో పడుతుంది, మధ్యాహ్నానికి వాళ్ల కంచంలోకి వస్తుంది. ఇలా పట్నాల చుట్టూ ఉండి, ఆ పట్నాలకే కూర పెట్టే చిన్న చేల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. మా లంకల పరిస్థితే చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు నుంచి హైదరాబాదుకు కూరగాయలు తెచ్చే చిన్న రైతులకూ ఉంటుంది కాబట్టి ఇది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు ప్రభుత్వాలకూ చెందుతుంది.

నేను అడిగేది ఒక్కటే. మీరిచ్చే డబ్బు మేం ఖర్చు పెట్టేశాక కాకుండా, పని మొదలుపెట్టే ముందు ఇవ్వండి. రాయితీ పెంచమని నేను అడగడం లేదు. ఉన్న సొమ్మే వచ్చే వేళ మారితే ఎంత తేడా వస్తుందో మా పందిరి లెక్కతో చెబుతాను.

దొండకు విత్తనం వేయరు. ముదురు తీగను జానెడు ముక్కలుగా కోసి నాటుతారు. తీగ పందిరెక్కాక మూడు నాలుగు రోజులకోసారి కోత, చేతిలోకి డబ్బు తిరుగుతూ ఉంటుంది. చిన్న రైతుకు దొండ మీద మక్కువ అందుకే. మా మామగారి కాలం నుంచీ వెదురు బొంగులు, సరుగుడు కర్రలు, కొబ్బరి తాళ్లతోనే పందిరి వేసేవాళ్లం. రెండో ఏడు తిరిగేసరికి కర్ర మొదట్లో, మట్టి తగిలే చోట పుచ్చిపోతుంది. కాయ నిండుగా ఉన్న రోజునే గాలివాన వస్తే పందిరంతా ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన పందిరి కిందికి దూరి కాయ కోయాలంటే మోకాళ్ల మీద పాకాలి. అలా పాకిన రోజులు నాకు చాలా ఉన్నాయి.

అందుకే రాతి కూసాలు, జీఐ తీగతో శాశ్వత పందిరికి సగం రాయితీ ఉందని తెలిసి 2021లో దరఖాస్తు పెట్టాం. పాస్‌బుక్ అత్తగారి పేరున ఉండటంతో కాగితాలకే నాలుగు నెలలు పట్టింది. చివరికి మంజూరైంది. తీరా చూస్తే పద్ధతి ఏమిటంటే, ముందు మొత్తం మా డబ్బుతో వేయాలి, జీఎస్టీ బిల్లులు పెట్టాలి, పందిరి దగ్గర మమ్మల్ని నిలబెట్టి ఫొటో తీయాలి, ఆ తర్వాత పైనుంచి తనిఖీ జరగాలి, అప్పుడు ఖాతాలో పడుతుంది. కూసాలు, తీగ, రవాణా, కూలి అన్నీ కలిపి అరెకరానికి లక్షా పదివేలు అయింది. మా దగ్గర చిల్లిగవ్వ లేదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం.

రాయితీ 50 వేలు మాకు అందింది పద్నాలుగు నెలల తర్వాత. లక్షా పదివేల మీద నెలకు 2,200 చొప్పున పద్నాలుగు నెలల వడ్డీ 30,800. అంటే మీరిచ్చిన 50 వేలలో మా ఇంట్లో మిగిలింది 19,200. మీ రికార్డులో మాకు 50 వేల సాయం చేసినట్టు ఉంటుంది, అందులో అబద్ధం లేదు. కానీ ఆ డబ్బులో సగానికి పైగా వడ్డీకిచ్చినాయన ఇంటికి చేరింది. మా వీధిలో అదే ఏడు పందిరి వేద్దామనుకున్న ఇద్దరు ఈ పద్ధతి విని ఊరుకున్నారు. వాళ్లు వెదురుతోనే నెట్టుకొస్తున్నారు. వాళ్లు నాకన్నా అవసరంలో ఉన్నవాళ్లు.

ఇది ఎవరో ఒక అధికారి తప్పని నేను అనను. మా దగ్గరికి తనిఖీకి వచ్చిన అబ్బాయి ఎండలో కూసాలన్నీ ఒక్కటొక్కటిగా లెక్కపెట్టుకుని, మర్యాదగా మాట్లాడి వెళ్లాడు. ఫైలు అతని చేయి దాటాక ఎక్కడ ఆగిందో అతనికీ తెలియదు. తప్పు నిబంధనలో ఉంది. ముందు ఖర్చు పెట్టినవాడికే తర్వాత ఇస్తాం అన్నామంటే, ఖర్చు పెట్టగలిగినవాడికే ఇస్తాం అన్నట్టు. పదెకరాలున్నవాడికి పద్నాలుగు నెలలు ఆగడం పెద్ద బరువు కాదు. మాకు అది తడిసి మోపెడవుతుంది.

ఈ నిబంధన ఎందుకు పెట్టారో నాకు తెలుసు. కూసం పాతకుండానే బిల్లు తీసుకున్నవాళ్లు, ఒకే పందిరిని ఇద్దరి పేర్ల మీద చూపించినవాళ్లు ఉంటారు. ప్రజల సొమ్ముకు కాపలా ఉండాల్సిందే. ఆ కాపలా డబ్బు ఇచ్చాక కూడా పెట్టొచ్చని మన రాష్ట్రంలోనే రుజువైంది. దాన్ని మీకే గుర్తు చేయాలని ఉంది.

2003లో ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మ సేద్యం పథకం మొదలైంది. డ్రిప్ కావాలంటే రైతు తన వాటా కడితే చాలు. మిగతా రాయితీ ప్రభుత్వం నేరుగా కంపెనీకి చెల్లిస్తుంది. చిన్న, సన్నకారు రైతులకు 90 శాతం దాకా రాయితీ వచ్చిన కాలంలో పదో వంతు చేతిలో ఉంటే చేలోకి పైపులు వచ్చేవి. అప్పు చేయలేని మనిషి చేలోనూ డ్రిప్ పడిందంటే అందుకే. బిల్లు ఆలస్యమైతే ఆ భారం కంపెనీ మోసింది, రైతు నెత్తిన పడలేదు. పైపులకు కుదిరిన పద్ధతి కూసాలకు, షేడ్‌నెట్‌కు, క్రేట్లకు ఎందుకు కుదరదు?

ఇంకొకటి. మేం డ్వాక్రా సంఘాల్లో పెరిగినవాళ్లం. 2011లో ఆ సంఘాల సభ్యులకు అప్పులివ్వడానికి స్త్రీనిధి పెట్టినప్పుడు, సభ్యురాలు అడిగిన 48 గంటల్లో అప్పు ఆమె చేతికి అందాలని నియమం పెట్టుకున్నారు. పాడి గేదె కొనడానికో పిల్ల ఫీజు కట్టడానికో మా ఊరి ఆడవాళ్లు ఆ డబ్బు తీసుకున్నారు, నెలనెలా కట్టారు. రెండు రోజుల్లో అప్పు ఇవ్వగలిగిన ఏర్పాటు మన దగ్గర ఉంది. రాయితీ మాత్రం ఏడాది దాటి వస్తుంది. అప్పు ఇచ్చేటప్పుడు మా మీద ఉన్న నమ్మకం సాయం చేసేటప్పుడు ఎక్కడికి పోతుందో అర్థం కాక చాలాసార్లు బాధపడ్డాను.

కేంద్రం 2020లో తెచ్చిన చిన్న ఆహార శుద్ధి పరిశ్రమల పథకంలో ఈ రెండు దార్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఒక్కరే యూనిట్ పెట్టుకుంటే ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు రాయితీ. దానికి బ్యాంకు అప్పు ఉండాలి, తన వాటా ముందు పెట్టాలి. అదే పథకంలో స్వయం సహాయక సంఘంలో ఉన్న సభ్యురాలికి 40 వేల దాకా మూలధనం ఆ సంఘాలన్నీ కలిసిన సమాఖ్య ద్వారా ముందే అందుతుంది. చిన్న పనిముట్లకు, చేతి పెట్టుబడికి వాడుకోవచ్చు. సమాఖ్య దాన్ని సభ్యులకు అప్పుగా ఇచ్చి, వసూలు చేసి, మళ్లీ ఇంకొకరికి ఇస్తుంది. ఆ 40 వేలు పచ్చళ్లు, అప్పడాలు చేసేవాళ్ల కోసం పెట్టారు. ఆ పచ్చడికి కాయ పండించే మనిషికి కూడా అదే దారి తెరవండి అంటున్నాను.

జహీరాబాదు వైపు, పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు మూడు దశాబ్దాల కిందట చేసిన పని నిబంధనలు రాసే ప్రతివారూ ఒకసారి చదవాలి. పేదలకు, ఎక్కువగా దళిత మహిళలకు, పేరుకు భూమి ఉంది గానీ అది బీడు పడి ఉంది. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో వచ్చిన డబ్బును సంఘాలు దున్నకానికి, ఎరువుకు, విత్తనానికి ముందుగానే ఇచ్చాయి. తీసుకున్న రైతు డబ్బు తిరిగి కట్టనక్కర్లేదు, పండిన జొన్నలు విడతలుగా కొలిచి ఇవ్వాలి. ఆ జొన్నలు ఊళ్లోనే నిలవ చేసి, పని దొరకని రోజుల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు అమ్మారు. ఎవరు ఎంత పేదవాళ్లో ఊరివాళ్లే కూర్చుని తేల్చారు. ఒకసారి ఇచ్చిన సొమ్ముతో బీడు సాగులోకి వచ్చింది, గింజ ఊళ్లో మిగిలింది, ఆకలి తీరింది. లెక్క చూసినవాళ్లు చాలావరకు చదువు రాని ఆడవాళ్లు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వాళ్లకు వచ్చింది. డబ్బు ముందిస్తే పేదవాళ్లు ఎగ్గొడతారనే భయానికి వాళ్ల గాదెలకన్నా వేరే జవాబు అక్కర్లేదు.

మా ఊళ్లోనైనా అంతే. సమాఖ్య ద్వారా డబ్బు తీసుకుని కూసాలు పాతని మనిషి పొద్దున లేస్తే మా వాకిళ్ల ముందు నుంచే నడవాలి. ఆమె తీసుకున్నది తేలకపోతే తర్వాతి మనిషికి రాదు. అంతకు మించిన తనిఖీ ఏ యాప్‌లోనూ లేదు. అయినా మీ ఫొటోలు మీరు తీసుకోండి, మాకు అభ్యంతరం లేదు. మంజూరు కాగానే సగానికి పైగా మొదటి విడతగా సమాఖ్యకు వేయండి. కూసాలు నిలిచాక ఫొటో తీసి మిగతాది వేయండి. ఎవరైనా వాడుకోకుండా ఉంచుకుంటే సమాఖ్య దగ్గరే రాబట్టుకోండి.

ఇక కౌలు సంగతి. ఇది చెప్పకపోతే పైన చెప్పినదంతా వృథా.

మా లంకల్లో చేలో వంగి పనిచేసేవాళ్లలో ఎక్కువమంది కౌలుదారులే. నా పక్క చేను చేసే ఆమె పేరు రాయను, ఆమె పదకొండేళ్లుగా ఒకే యజమాని దగ్గర ఎకరంన్నర చేస్తోంది. ఆకుకూర మడి ఆమెలా దిద్దేవాళ్లు మా చుట్టుపక్కల లేరు. పాలకూర, గోంగూర, కొత్తిమీర, ఒకటి తీయగానే ఇంకొకటి, మడి ఖాళీగా కనిపించదు. సాయంత్రం కోసి, కట్టలు కట్టి, తడి గోనె కప్పి, అర్ధరాత్రి లేచి మళ్లీ నీళ్లు చల్లుతుంది. ఆమెకు ఇప్పటిదాకా ఏ పథకం కిందా ఒక్క రూపాయి రాలేదు. 2019 చట్టం ప్రకారం కౌలుదారుకు పదకొండు నెలల సాగుదారు హక్కు పత్రం ఇస్తారు. దాని మీద యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఆమె యజమాని మంచివాడే, కౌలు కోసం ఎప్పుడూ వేధించలేదు. సంతకం మాట ఎత్తితే మాత్రం చేను ఇంకొకరికి ఇస్తానంటాడు. భూమి పోతుందేమోనని ఆయన భయం, చేను పోతుందేమోనని ఈమె భయం. మధ్యలో పత్రం రాలేదు.

అంతకుముందు 2011లో తెచ్చిన చట్టం కింద రుణ అర్హత కార్డులు ఇచ్చేవాళ్లు. అందులో యజమాని సంతకం అక్కర్లేదు, ఊళ్లో విచారించి ఇచ్చేవాళ్లు. ఆ కార్డుతో బ్యాంకులు అందరికీ అప్పులిచ్చాయని కాదు. కానీ ఈ చేను ఫలానా మనిషి చేస్తోందని చెప్పే కాగితమైనా ఉండేది. ఇప్పుడు ప్రభుత్వం చేసే ఈ-క్రాప్ పంట నమోదులో ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో, ఎవరు సాగు చేస్తున్నారో రాస్తున్నారు. గట్టు మీదికి వచ్చి ఫొటో తీస్తున్నారు. ఆ నమోదులో సాగుదారు పేరు ఉంటే క్రేట్లకు, పనిముట్లకు, విత్తనానికి, నారుకు సాయం ఇవ్వడానికి అది చాలదా? వీటిలో ఏదీ భూమికి అతుక్కునేది కాదు. క్రేటు ఇచ్చినంత మాత్రాన కౌలుదారుకు భూమి మీద హక్కు పుట్టదు. యజమాని సంతకంతో వాటికి పని లేదు.

తెలంగాణలోనూ ఎకరానికి ఇంత అని పట్టాదారుకు చేరే పెట్టుబడి సాయం కౌలుదారుకు చేరదని అక్కడి రైతులు 2018 నుంచీ మొత్తుకుంటున్నారు. కేరళలో కుటుంబశ్రీ సంఘాల ఆడవాళ్లు కలిసి భూమి కౌలుకు తీసుకుని కూరగాయలు పండిస్తే, వాళ్లు సాగు చేసిన విస్తీర్ణాన్ని బట్టి వాళ్లకే ప్రోత్సాహకం ఇస్తున్నారు. కౌలు అయినంత మాత్రాన తీసేయడం లేదు. మన సంఘాలు వాళ్ల సంఘాలకు ఏం తక్కువ?

మూడో ఇబ్బంది, మీ పథకాల కొలత. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టార్లు, అంటే రెండెకరాల ముప్పై రెండు సెంట్లు. సగటే అంతయితే మావంటి వాళ్లం ఎక్కడుంటామో చూడండి. పథకాల పుస్తకం తెరిస్తే వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద 2 కోట్ల దాకా అప్పుకు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. ఉద్యాన మిషన్ కింద తొమ్మిది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు ప్యాక్‌హౌస్ ఉంది. 4 లక్షల ఖర్చు, అందులో సగం రాయితీ అని ఏళ్ల తరబడి లెక్క నడిచింది. అరెకరం చేలో ఆ ప్యాక్‌హౌస్ కడితే తిరగడానికి వదిలే జాగాతో కలిపి ఎన్ని దొండ పాదులు తీసేయాలో నేను అడుగులు వేసి కొలిచాను. మనసొప్పలేదు.

రైతు ఉత్పత్తిదారుల సంస్థలు మంచివే, నేను కాదనను. వాటి కోసం కేంద్రం 2020లోనే తెచ్చిన వేరే పథకంలో ఒక్కో సంస్థకు మూడేళ్లలో 18 లక్షల దాకా నిర్వహణ ఖర్చు ఇస్తున్నారు, సభ్యుడి వాటాకు సమానంగా 2 వేల దాకా జోడిస్తున్నారు. ఆ డబ్బు ఆఫీసుకు, జీతాలకు, రిజిస్ట్రేషన్లకు అవసరమే. మైదాన ప్రాంతంలో కనీసం మూడొందల మంది సభ్యులు కావాలి. మా లంకలో కూరగాయలు పండించేవాళ్లం అంతా కలిస్తే అరవై ఇళ్లు. మూడొందల మందిని కూడగట్టేదాకా మా ముప్పై క్రేట్లు ఆగాలా?

ఆ ముప్పై క్రేట్ల గురించి చెప్పనివ్వండి. దొండకాయ గోనెసంచిలో తొక్కి కుడితే అడుగునున్నది కందిపోతుంది. వంకాయకు మచ్చ పడుతుంది. ఆటోలో మీద ఇంకో సంచి, దాని మీద మనిషి. రైతు బజారులో కుప్ప పోయగానే కొనేవాళ్లు ముందు పైపైన ఏరతారు, తొమ్మిది దాటాక మిగిలినదంతా ఆ కందిన కాయే. అది సగం ధరకు పోతుంది, లేదంటే గేదెలకు పడుతుంది. క్రేట్లలో పోయిన రోజు ఆ మిగులు ఉండదు. ఇది చూడటానికి ఒక్క వారం చాలు. క్రేటు ఒక్కొక్కటి మూడొందలు అనుకుంటే ముప్పైకి 9 వేలు. దీనికి తోడు ఒక కాటా, నారు పోసుకోవడానికి ప్రోట్రేలు, ఎండ ఆపడానికి ఒక షేడ్‌నెట్ ముక్క, ఒక తైవాన్ స్ప్రేయర్. అన్నీ కలిపినా 40 వేలు దాటవు. 40 వేలంటే మీకు చిన్న మొత్తం. ఇంత చిన్నదాని కోసం ఒక ఫైలు నడపడం దండగ అనిపించవచ్చు. కానీ మా చేలకు పట్టే చొక్కా కొలత అది.

ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థవాళ్లు కరెంటు అక్కర్లేని చల్లని గది ఒకటి ఏనాడో తయారుచేశారు. రెండు వరసల ఇటుక గోడ కట్టి, మధ్య సందులో ఇసుక పోసి, ఆ ఇసుకను రోజూ తడపాలి. పైన తడి గడ్డి మూత. లోపల బయటి ఎండకన్నా బాగా చల్లగా ఉంటుంది, ఆకుకూర వాడదు. కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే. మా లంకలో ఇసుకకు కొదవ లేదు, నీళ్లకు కొదవ లేదు. ఇటుకలకు, మేస్త్రీ కూలికి పదివేల లోపే అవుతుందని మా ఊరి మేస్త్రీ చెప్పాడు. పక్క చేను ఆమెకు ఇదొక్కటి ఉంటే అర్ధరాత్రి లేచి కట్టల మీద నీళ్లు చల్లే బాధ తప్పుతుంది. కోల్డ్ స్టోరేజీల శంకుస్థాపనలు పేపర్లో చూస్తుంటాను. అవీ రావాలి. కానీ వంద కిలోల తోటకూరను కోల్డ్ స్టోరేజీకి ఎవరూ తీసుకెళ్లరు.

1999 జనవరిలో రైతు బజార్లు తెరిచినప్పుడు మా మామగారు మొదటి రోజుల్లోనే కార్డు తీసుకున్నారు. దళారీకి ఇవ్వకుండా సొంత చేత్తో తూచి డబ్బు లెక్కపెట్టుకోవడం ఆయన పోయేదాకా గొప్పగా చెప్పుకునేవారు. ఆ ఆలోచన చేసినవాళ్లకు నేటికీ రుణపడి ఉన్నాం. అమ్ముకునే చోటు ఇచ్చారు. ఆ చోటికి సరుకు తెచ్చే చేనును నిలబెట్టే పని అక్కడితో ఆగిపోయింది. ప్రకృతి సేద్యంలో మన రాష్ట్రాన్ని దేశమంతా చూస్తోంది, 2024 నవంబరులో కేంద్రం 2,481 కోట్లతో జాతీయ మిషన్ కూడా ఆమోదించింది. ఆ డబ్బు ఊళ్లకు దిగేటప్పుడైనా ముందు చేతిలో పెట్టే పద్ధతి పెట్టండి.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద వెళ్లింది. లంకలన్నీ మునిగాయి. మా అరెకరం కొంచెం మెరక, అయినా పందిరి మీదుగా నీళ్లు పారాయి. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే జీఐ తీగలకు గుర్రపుడెక్క గుత్తులు వేలాడుతున్నాయి, మధ్యలో ఎవరి పిల్లాడిదో ఒక బడి సంచీ చిక్కుకుని ఉంది. దొండ మొదళ్లన్నీ కుళ్లాయి. కూసాలు చాలావరకు నిలిచాయి, పదకొండు మాత్రం ఒరిగాయి. వాటిని లేపడానికి, కొత్త తీగ ముక్కలకు, ఒండ్రు తీయించడానికి సాయం అడిగితే, శాశ్వత పందిరికి ఒకసారి రాయితీ తీసుకున్నారు కదా, మరమ్మతుకు పద్దు లేదన్నారు. కొత్తది వేస్తే ఉంది, ఉన్నదాన్ని నిలబెట్టడానికి లేదు. నదీ తీరాల రైతులకైనా మరమ్మతు పద్దు ఒకటి పెట్టండి. చేతనైనంత అప్పు తెచ్చి సగం పందిరికి మళ్లీ తీగ ఎక్కించాం. మిగతా సగం ఇప్పటికీ బోసిగానే ఉంది.

చివరిగా నెలల మాట. మీకు ఏడాది ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. మంజూర్లు వానల్లో మొదలై, నిధులు కదిలేసరికి మాఘం, ఫాల్గుణం. మార్చి నెలాఖరులోగా ఖర్చు చూపించాలని అప్పుడు అందరూ ఒక్కసారిగా ఫోన్లు చేస్తారు. ఆ ఎండల్లో మేం కొత్తగా నాటేది ఏమీ ఉండదు. మా ఏడాది కృష్ణమ్మ తగ్గాక మొదలవుతుంది. ఒండ్రు పైన పొర ఆరి, లోపల తడి ఉన్న పది పదిహేను రోజులే మాకు అదను. ఆ రోజుల్లో ముక్క నాటితే సంక్రాంతికి కాయ కోస్తాం. అదను దాటితే ఏడాది దాటినట్టే.

కాబట్టి లంకల వరకైనా మొదటి విడత దసరాకు ముందు మా సమాఖ్య ఖాతాలో ఉండేలా ఉత్తర్వు ఇవ్వండి. పక్క లంకలో ఒకాయన తన పందిరి నుంచి ముదురు తీగ ఇస్తానన్నాడు. ఒరిగిన పదకొండు కూసాలు లేపడానికి మనుషులను మాట్లాడి ఉంచాం. పక్క చేను ఆమె ఇటుక గదికి జాగా చూసుకుంది, యజమాని కూడా దానికి సరేనన్నాడు. కార్తీకంలో వచ్చే డబ్బు వీటిలో దేనికీ పనికిరాదు.

ఇట్లు,
కృష్ణా లంకల్లో కూరగాయలు పండించే ఒక రైతు